చుట్టిన తలపాగా విడిపోతే

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో నాలుగు మంచి మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని అడగడం, మేము చదువు గురించో, జకాతు గురించో, పెళ్ళిళ్ళలో దుబారా గురించో చెప్పడం, మీరు ఓపికగా వినడం, ఆ తర్వాత అందరం కలిసి భోజనాలకు లేవడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి మాత్రం విషయం మేమే అడిగి తీసుకున్నాము. బాగుపడిన మనిషి మళ్ళీ పాత స్థితికి పడిపోవడం ఏమిటి, దాని అర్థమేమిటి అన్నదే ఆ విషయం. వినగానే కార్యదర్శిగారు ముఖం కొంచెం చిట్లించారు. "నలుగురూ కలిసే రోజు అదేం విషయం సాబ్, కాస్త ఉత్సాహంగా వుండేది చెప్పండి" అన్నారు. ఆయన మాటా నిజమే. కానీ మన సంఘం అప్పుల ఖాతా పుస్తకంలో ఒక పేజీ చాలాకాలంగా మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ఆ పేజీ దగ్గరకు తర్వాత వస్తాము.

మన తెలుగులో దీనికి చక్కని మాట వున్నది, తిరగబెట్టడం. జ్వరం తిరగబెట్టింది అంటాము. తగ్గిందనుకున్నది మళ్ళీ వచ్చిందన్నమాట. క్షయ జబ్బు సంగతి మీలో చాలామందికి తెలుసు. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలు మింగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు తేరుకుంటుంది. ఇంకెందుకులే అని మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి. వాటిలో పాత మందులకు లొంగనివి కూడా తయారవుతాయి. అప్పుడు మందులు మార్చాలి, ఖర్చు పెరుగుతుంది, రోగీ నీరసిస్తాడు. కనుక తిరగబెట్టిన జబ్బు అంటే పాత జబ్బే కాదు, దానికన్నా మొండిది.

చిన్నప్పుడు మనమంతా వైకుంఠపాళి ఆడినవాళ్ళమే. మతం ఏదైనా ఆ పటం లేని ఇల్లు మా వీధిలో లేదు. పైవరుస దాకా వెళ్ళి పెద్దపాము నోట్లో పడితే అడుగుకు వచ్చేస్తాము. అయినా ఆటలో ఒక సుఖమున్నది. కింద గడిలో పడ్డ కాయకూ, ఇంకా బయలుదేరని కాయకూ తేడా వుండదు. మనుషుల్లో అలా వుండదు. ఒకసారి పైకి వెళ్ళి పడ్డవాణ్ణి చూసి జనం నవ్వుతారు. అప్పిచ్చినవాడు మళ్ళీ ఇవ్వడు. భార్యకు నమ్మకం పోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా తన మీద తనకు నమ్మకం పోతుంది.

ఈ సంగతిని మన ప్రవక్త ముహమ్మద్ (స) ఎంత బాగా ఎరిగినవారో చూడండి. ఆయన ప్రయాణానికి బయలుదేరేటప్పుడు చేసే దుఆ ఒకటి ముస్లిం, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సర్జిస్ (ర) ద్వారా వచ్చింది. ప్రయాణపు కష్టం నుంచీ, అన్యాయానికి గురైనవాడి మొర నుంచీ అల్లాహ్ శరణు కోరుతూ, ఆ వరుసలోనే మరొక దాని నుంచి కూడా శరణు కోరేవారు. అరబీలో దాన్ని 'అల్ హౌర్ బాద్ అల్ కౌర్' అంటారు. కౌర్ అంటే తలపాగా చుట్టడం. హౌర్ అంటే ఆ చుట్టినది విడిపోవడం. కొన్ని ఉల్లేఖనాల్లో కౌర్ బదులు కౌన్ అని వున్నది, అంటే ఒక మంచి స్థితిలో వుండి ఆ తర్వాత వెనక్కు పోవడం. ఇమాం తిర్మిజీ రెండూ సరైనవేననీ, మంచి నుంచి చెడుకు మరలిపోవడమే రెండిటి భావమనీ వివరించారు.

తలపాగా చుట్టడం ఇప్పటి కుర్రాళ్ళకు తెలియదు. మా తాతగారు రోజూ చుట్టుకునేవారు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఒక కొస పళ్ళతో పట్టుకొని, చుట్టు మీద చుట్టు వేసి, ఆఖరి కొసను చుట్ల మధ్య దోపేవారు. అది విడిపోయేటప్పుడు మొదటి చుట్టు దగ్గర మొదలుకాదు. దోపిన కొస వదులవుతుంది. ఆ తర్వాత ఒక్కొక్క చుట్టే జారుతుంది. చూసేవాళ్ళకు తలపాగా ఇంకా తలమీదే వున్నట్టుంటుంది. గాలికి మొత్తం జారిపడినప్పుడు, ఇప్పుడే పడిందనుకుంటారు. మనిషి పాత అలవాటులో పడడం కూడా గ్లాసు ఎత్తిన రాత్రి మొదలుకాదు. అంతకు ముందెప్పుడో ఇషా నమాజుకు రావడం తగ్గుతుంది. ఇంట్లో మాట తగ్గుతుంది. పాత స్నేహితుడి ఫోనుకు జవాబు మొదలవుతుంది.

ఇంకొక సంగతి. హౌర్ అంటే అసలు అర్థం మరలడం. మనం తౌబా అంటామే, పశ్చాత్తాపం, దానికీ అసలు అర్థం మరలడమే, అల్లాహ్ వైపు మరలడం. మన తెలుగు కూడా అలాగే వున్నది, గమనించారా? జబ్బు తిరగబెట్టడంలోనూ, తప్పిపోయినవాడు ఇంటికి తిరిగి రావడంలోనూ వున్నది ఒకే తిరుగుడు. ఎటువైపు అన్నదే తేడా.

దివ్య ఖుర్‌ఆన్‌లో నహ్ల్ సూరాలో, ప్రమాణాలు చేసి భంగపరచడం గురించి చెబుతూ, గట్టిగా వడికిన నూలును తానే తెంపి పోగులు చేసుకున్న ఒక స్త్రీ ఉపమానం వస్తుంది. మన సభ్యుల్లో సగం ఇళ్ళు దూదేకుల ఇళ్ళు. ఈ ఉపమానం మనకు అర్థమైనట్టు ఇంకెవరికి అర్థమవుతుంది! విల్లు పట్టి దూది ఏకిన తాతలు ఇప్పుడు లేరు, మిషన్లు వచ్చాయి. అయినా పరుపుల పని చేసే మన పెద్దాయన ఒకరిని అడిగాము, తెగిన నూలును మళ్ళీ ఏకి వడకవచ్చునా అని. ఆయన నవ్వి, "వడకవచ్చు సాబ్, కానీ పింజ పొట్టిదైపోతుంది. ఒంటిగా నిలవదు. కొత్త దూది కలిపితే నిలుస్తుంది, నూలు కొంచెం మోటుగా వుంటుంది, అంతే" అన్నారు. తెగిన నూలు పనికిరాదని మాత్రం ఆయన అనలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి తగ్గుదలనూ పడిపోవడం అనుకోకూడదు. రంజానులో మన మస్జిదులో వరుసలు వీధిలోకి వస్తాయి. షవ్వాల్ రెండో రోజు ఫజ్రుకు ఒకటిన్నర వరుస. ఇమాముగారు ఆ రోజు వెనక్కు తిరిగి చూసి ఏమీ అనరు, ఆయన చూపే చాలు. హజ్రత్ హంజలా (ర) అనే సహాబీ ఒకసారి తాను కపటినైపోయానని వాపోయారు. ప్రవక్త (స) సమక్షంలో స్వర్గనరకాలు కళ్ళకు కట్టినట్టుంటాయి, ఇంటికి పోయి భార్యాపిల్లల్లో, ఆస్తిపాస్తుల్లో పడేసరికి చాలా మరచిపోతున్నానని ఆయన బాధ. ప్రవక్త (స) ఆయన్ను మందలించలేదు. మనిషికి ఒక గడియ అలాగూ ఒక గడియ ఇలాగూ వుంటుందని ఊరడించారు. కనుక రంజాను వేడి కొంచెం చల్లారితే భయపడనక్కరలేదు. కొద్దిపాటిదైనా విడవకుండా చేసే పని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హజ్రత్ ఆయిషా (ర) ద్వారా వచ్చిన హదీసు మీకందరికీ తెలిసిందే.

మనుషులే కాదు, ప్రభుత్వాలూ తలపాగా చుట్టి విప్పుతాయి. ఈ కథ మన కళ్ళ ముందు జరిగింది గనుక ఒక్క మాట చెప్పి ముందుకు పోతాము. 1991-92 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. ఆ కబురు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో ఆదాయం పోతున్నదనీ, దొంగసరుకు ఆగడం లేదనీ చెప్పి సడలించారు. రెండేళ్ళ పైచిలుకు. అప్పుడు మా పక్కింటి ముసలమ్మ అన్న మాట గుర్తున్నది. "మొగోళ్ళు ఇంటికి తిన్నగా నడిచి రావడం రెండేళ్ళు చూశాను నాయనా, అదైనా చూశాను" అన్నది. కొట్లు మళ్ళీ తెరిచారని తిట్టడానికి ముందు, ఆ రెండేళ్ళను లెక్కలోకి తీసుకున్నది ఆమె. మేము చదువుకున్నవాళ్ళం గదా, మాకు ఆ లెక్క తట్టడానికి పాతికేళ్ళు పట్టింది.

ఇక ఆ పేజీ సంగతి. ఇది మన సంఘ సభ్యుడొకరి కథ. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాము. "చెప్పండి చాచా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. మీలో కొందరికి మనిషి గుర్తు రావచ్చు. వస్తే మనసులోనే వుంచుకోండి, పక్కవారి చెవిలో చెప్పకండి.

ఆయన లారీ డ్రైవరు. పందొమ్మిదో ఏట క్లీనరుగా ఎక్కినవాడు. తాగుడు అక్కడే అంటుకున్నది. భార్య జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చేది. ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్ళ కిందట రంజాను నెలలో మానేశాడు. పండగ వెళ్ళింది, మరి ముట్టలేదు. మన సంఘానికి ఎంత సంతోషమని! ఆ ఏటి సమావేశంలో ఆయన్ను వేదిక ఎక్కించి దండ వేశాము, ఫోటో తీయించాము. అల్లాహ్ దయవల్ల ఆ ఏడాది సావనీరులో చోటు చాలక ఆ ఫోటో వేయలేదు. లారీ లైను వదిలి వూళ్ళోనే ఆటో నడుపుకుంటానంటే సంఘం ఖర్జె హసనా కింద, అంటే వడ్డీలేని అప్పుగా, 30,000 రూపాయలిచ్చాము. నెలకు 1,000 చొప్పున తిరిగి కట్టాలి.

ఇక్కడే మా తప్పు మొదలైంది. పాత ఆటో ఖరీదు 1,10,000. ఆయన దగ్గర వున్నవి 20,000. మనమిచ్చినవి 30,000. మిగిలిన 60,000 ఎక్కడినుంచి తెస్తావు నాయనా అని కమిటీలో ఒక్కరూ అడగలేదు. అడిగితే మళ్ళీ ఇవ్వమంటాడేమోనని భయం కావచ్చు. ఆయన ఫైనాన్సులో వడ్డీకి తెచ్చాడు. వడ్డీలేని అప్పు ఇచ్చామని మనం సావనీరులో రాసుకుంటున్నాము. అదే మనిషి నెలనెలా వడ్డీ కిస్తు కడుతున్నాడు. తొమ్మిది నెలలు రెండు కిస్తులూ తప్పకుండా కట్టాడు. వానాకాలంలో ఇంజను పోయింది. ఆటో ఇరవై రెండు రోజులు షెడ్డులో వున్నది. ఫైనాన్సువాళ్ళు ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి కేకలు వేశారు. మన కిస్తు ఒకటి తప్పింది. మన కోశాధికారిగారు మర్యాదస్తులు గనుక కేకలు వేయలేదు, పుస్తకంలో సున్నా చుట్టి వూరుకున్నారు. ఎందుకు తప్పిందని ఎవరం వెళ్ళి అడగలేదు. పాత లారీ యజమాని కబురు పెట్టాడు. ఒక్క ట్రిప్పు అని వెళ్ళాడు.

ప్రవక్త (స) ప్రయాణం మొదట్లోనే ఆ దుఆ ఎందుకు చేసేవారో మాకు ఇప్పుడు కొంచెం తెలుస్తున్నది. ఇంటి దగ్గర మనిషిని పట్టి వుంచే పగ్గాలు వంద వుంటాయి. బాంగు వినిపిస్తుంది, పిల్ల ఎదురొస్తుంది, అంగడి దగ్గర పెద్దమనిషి పలకరిస్తాడు. రోడ్డు మీద అవేమీ వుండవు. ఒడిశా సరిహద్దు దాటాక ఒక ధాబా. పాత బల్ల, పాత మనుషులు, పాత వాసన. పది నెలల నాలుగు రోజులకు ఒక గ్లాసు తాగాడు.

ఆ తర్వాత ఆయన మాతో చెప్పిన మాట విని తీరాలి. "ఆ గ్లాసుతో నాకేమీ కాలేదు చాచా. తెల్లారి లేచాక, అంతా పోయింది, దండ వేయించుకున్నవాణ్ణి, ఇంక ఏ మొహం పెట్టుకొని మస్జిదుకు పోను, ఎలాగూ పోయింది గదా అనుకున్నాను. ఆ అనుకోవడం నన్ను పందొమ్మిది రోజులు తాగించింది" అన్నాడు. ఇది చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన సంగతేనని మాకు తర్వాత తెలిసింది. అలన్ మార్లాట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇటువంటి వాటి మీద పరిశోధన చేసి 1985లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒకసారి కాలుజారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు, రెండిటి మధ్యా మనిషిని తోసేది సిగ్గూ నిరాశా అని దాని సారాంశం. మన డ్రైవరు సోదరుడు ఏ గ్రంథమూ చదవకుండానే అదే చెప్పాడు.

ఆయన తిరిగొచ్చాక కార్యవర్గం కూర్చున్నది. ఒక పెద్దమనిషి "కుక్క తోక వంకర అని వూరికే అన్నారా" అన్నారు. అందరూ తల వూపారు. పేరు మీద ఎర్రసిరా గీత గీశారు. బాకీ మొత్తం 21,000 ఒకేసారి కట్టమని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మీద మేము కూడా సంతకం చేశాము. సంఘం సొమ్ము అందరిదీ గదా, కఠినంగా వుండకపోతే ఎలాగ అని మాకు మేము సర్దిచెప్పుకున్నాము. ఆ రాత్రి కార్యవర్గంలో జరిగిన మాట పొద్దున టీకొట్టు దగ్గర వినిపించింది. ఎవరు మోశారో మాకు తెలుసు, ఇక్కడ అనవసరం. వారం తిరక్కుండా ఆయన మస్జిదు మానేశాడు. మన సంఘం నడిపే సాయంత్రం ట్యూషన్లకు వచ్చే పెద్దపిల్ల, ఎనిమిదో తరగతి, అదీ మానేసింది. లెక్కల్లో మొదటి మార్కులు దానివే. తోటిపిల్ల ఎవరో "మీ అబ్బాకు వేసిన దండ ఏదే" అన్నదట.

ఆ తర్వాత ఏడు నెలలు ఆయన వెనకటికన్నా ఎక్కువ తాగాడు. ఆటోను ఫైనాన్సువాళ్ళు తీసుకుపోయారు.

ఒకనాడు మగ్రిబు వేళ ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మా ఇంటావిడ నీళ్ళిస్తే తాగలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "చాచా, తాగినందుకు పేరు కొట్టేశారు, సరే. పది నెలలు ముట్టకుండా వున్నాడు గదా, ఆ పది నెలలు మీ పుస్తకంలో ఎక్కడ రాశారు?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. జవాబు లేదు గనుక చెప్పలేదు.

ఆ రాత్రి బుఖారీలోని ఒక హదీసు గుర్తుకొచ్చింది, హజ్రత్ ఉమర్ (ర) ఉల్లేఖించినది. అబ్దుల్లాహ్ అనే ఆయన వుండేవారు. జనం హిమార్, అంటే గాడిద అని ముద్దుపేరు పెట్టారు. ప్రవక్త (స)ను నవ్విస్తూ వుండేవారు. తాగుడు మానలేకపోయారు. తాగినందుకు శిక్ష పడింది. మళ్ళీ తాగి పట్టుబడ్డారు, మళ్ళీ శిక్ష. ఎన్నిసార్లు పట్టుకొస్తారు వీణ్ణి, శాపం తగలా అని ఒకరు తిట్టారు. ప్రవక్త (స) శిక్షను రద్దు చేయలేదు, ఇది మరవకూడదు. కానీ తిట్టినవాణ్ణి వారించారు. ఆయనకు అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ వున్నదని తాను ఎరుగుదునన్నారు. హజ్రత్ అబూ హురైరా (ర) ద్వారా వచ్చిన మరో హదీసులో, తాగినవాడొకణ్ణి శపించినవారితో, మీ సోదరుడికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడకండి అన్న భావం వస్తుంది. మద్యాన్ని హరాం చేసిన ధర్మమిది. ఆ ఆజ్ఞ దిగినప్పుడు మదీనా వీధుల్లో సారాయి పారిందని చదువుతాము. అంత కఠినమైన ఆజ్ఞ ఇచ్చినచోటే, మళ్ళీ మళ్ళీ పడినవాణ్ణి సోదరుడన్నారు. మేమేమో కుక్క తోక అన్నాము. ఎవరో అన్నారు అని తప్పించుకోవడం లేదు, తల వూపినవారిలో మేమూ వున్నాము.

మర్నాడు ఇమాముగారూ, మేమూ, పరుపుల పెద్దాయనా కలిసి వాళ్ళింటికి వెళ్ళాము. తాగుడు మాట ఎత్తవద్దని ముందే అనుకున్నాము. పిల్లల చదువు, ఇంటి కప్పు కారడం, ఇటువంటివే మాట్లాడాము. మూడోసారి వెళ్ళినప్పుడు ఆయనే "ఆసుపత్రికి తీసుకుపోతారా" అన్నాడు.

ఆసుపత్రి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ ఇళ్ళల్లో పనికిరావచ్చు. రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం కొందరి పద్ధతి. అది ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కొందరికి ఫిట్సు వస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరు చూపులో మాన్పించాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం వుంటుంది, సిగ్గుపడవలసింది లేదు. 14446 అనే నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వం తరఫున ఉచితంగా సలహా ఇస్తారు. మానిన తర్వాత మొదటి నెలలే గండం. అప్పుడు ఆకలితో, కోపంతో, ఒంటరితనంతో, నిద్రలేమితో మనిషిని వదలకూడదు.

మేము వెళ్ళిన డాక్టరుగారు చిన్నవయసు అమ్మాయి. ఎన్నాళ్ళనుంచి తాగుతున్నారని అడుగుతుందనుకున్నాము. అది తర్వాత అడిగింది. ముందు, "ఇంతకుముందు ఎప్పుడైనా మానారా? ఎన్నాళ్ళు?" అని అడిగింది. పది నెలలని భార్య చెప్పింది. "పది నెలలా! అయితే మీకు మానడం వచ్చు. ఆ పది నెలలూ ఏమేం చేశారో చెప్పండి, రాసుకుంటాను" అని కాగితం తీసింది. మా డ్రైవరు ఏడ్చాడు. అప్పటిదాకా ఆయన్ను ఆ ప్రశ్న అడిగినవారు లేరు.

పన్నెండు రోజులు వార్డులో వున్నాడు. ఇప్పటికి పదిహేను నెలలైంది. ఇకముందు సంగతి మేము చెప్పము, ఆయనా చెప్పడు. లారీ ఎక్కడం లేదు. వూళ్ళోనే ఒకరి దగ్గర గూడ్సు ఆటో జీతానికి నడుపుతున్నాడు. పిల్ల మూడు నెలల తర్వాత ట్యూషనుకు వచ్చింది. ముందు బెంచీలో కూర్చోలేదు, వెనక కూర్చున్నది. ఇప్పుడు మధ్య బెంచీ దాకా వచ్చిందని మాస్టారు చెప్పారు. పోయిన ఆటో పోయింది, ఆ ఏడు నెలలు పోయాయి. అవి తిరిగి రావు, వచ్చాయని చెబితే అబద్ధమవుతుంది.

ఈ సమావేశంలో కార్యవర్గం ముందు మేము కొన్ని మాటలు పెడుతున్నాము. మీ అందరి ముందూ చెబితే వెనక్కు పోలేము గనుక ఇక్కడే చెబుతున్నాము. అప్పు ఇచ్చేటప్పుడు మిగతా సొమ్ము ఎక్కడిదని అడగాలి. వడ్డీకి తెస్తానంటే, పదిమందికి కొంచెం కొంచెం ఇచ్చే బదులు ఇద్దరికి సరిపడా ఇవ్వడం మేలేమో ఆలోచించాలి. దీనిమీద భేదాభిప్రాయాలున్నాయి, వుండనివ్వండి. ఒక్క కిస్తు తప్పినా ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్ళి రావాలి, వసూలుకు కాదు, పలకరింపుకు. కార్యవర్గం మాట టీకొట్టుకు పోకూడదు. తాగుడు మానినవాడికి, వడ్డీ మానినవాడికి, జూదం మానినవాడికి వేదిక మీద దండలు వేయడం ఆపాలి. దండ మెడలో వున్నవాడు కాలుజారితే మన దగ్గరికి రాలేడు, మన కంటబడకుండా పోతాడు.

మొన్న కోశాధికారిగారు ఖాతా పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయన మళ్ళీ నెలకు 500 చొప్పున కట్టడం మొదలుపెట్టాడు. ఈ సొమ్ము ఎక్కడ జమ వేయాలన్నది కోశాధికారిగారి సందేహం. పాత పేజీలో ఎర్రగీత వున్నది, చూడ్డానికి బాగుండదు, కొత్త పేజీలో కొత్త నంబరుతో రాద్దామా అన్నారు. పాత పేజీలోనే రాయమన్నాము. ఎందుకంటే ఎర్రగీతకు పైన తొమ్మిది కిస్తులు జమ వున్నాయి. కొత్త పేజీలో రాస్తే ఆ తొమ్మిదీ కనబడవు. ఆయన కళ్ళజోడు సర్దుకొని, గీత కిందనే తేదీ వేసి, పదో కిస్తు అని రాశారు.

భోజనాలు సిద్ధమైనాయని సైగ చేస్తున్నారు. అస్సలాము అలైకుం.